ఆల్టో 800లో కె10 ఇంజన్ పెట్టించాలా? బెంగళూరులో పాత చిన్న కారుకి పికప్ సంగతి

మీరు అడిగింది క్లుప్తంగా చెప్పి మొదలుపెడతాను, ఇదే ఇబ్బంది ఉన్న మిగతావాళ్లకి కూడా పనికొస్తుంది. మీది 2013 ఆల్టో 800, పెట్రోల్, సెకండ్ హ్యాండ్‌లో కొన్నారు, 90 వేల కిలోమీటర్లు దాటింది. కె.ఆర్.పురం నుంచి నాగవార దగ్గరి ఆఫీసుకి రోజూ అదే బండి. నెలకోసారి చిత్తూరు, వీలైతే అటునుంచి అటే తిరుమల. నలుగురు ఎక్కి ఏసీ వేస్తే లాగడం లేదు. తిరిగొచ్చేటప్పుడు మొగిలి ఘాట్‌లో సెకండ్ గేరుకి దిగాల్సి వస్తోంది. టిన్ ఫ్యాక్టరీ ట్రాఫిక్‌లో అరగంట నిలబడితే ఇంజన్ హీట్ ఎక్కి ఏసీ చల్లదనం పోతోంది. ఒక మెకానిక్ 70 వేలిస్తే కె10 ఇంజన్ (ఆల్టో కె10లో వచ్చే పెద్ద ఇంజన్) పెట్టేస్తానన్నాడు. ఇంకొకాయన బోరింగ్ చేసి (అరిగిన సిలిండర్లని కాస్త పెద్దవిగా కోసి) కొత్త పిస్టన్లు వేద్దామన్నాడు. మీ ఫ్రెండ్ రీమ్యాప్ (ఇంజన్ కంప్యూటర్ సెట్టింగులు మార్చడం), ఫ్రీ ఫ్లో (పొగకి అడ్డు తక్కువ ఉండే) సైలెన్సర్ అంటున్నాడు. ఏది చేయించాలని మీ ప్రశ్న.

ఈ మూడింట్లో ఏదీ ఇప్పుడు వద్దు. ఉన్న ఇంజన్ కంపెనీ ఇచ్చిన పవర్ అంతా ఇస్తోందా లేదా అన్నది ముందు తేల్చండి. ఇవ్వకపోతే ఎక్కడ తగ్గుతోందో పట్టుకుని అది బాగుచేయించండి. మొత్తం ఇస్తున్నా మీకు చాలడం లేదంటే మార్చాల్సింది ఇంజన్‌ని కాదు, కారుని.

అసలు ఈ కారు నుంచి ఎంత ఆశించవచ్చో చూద్దాం. మీ దాంట్లో ఉన్నది ఎఫ్8డి ఇంజన్: 796 సీసీ, మూడు సిలిండర్లు, 6000 ఆర్‌పీఎం (నిమిషానికి ఇంజన్ తిరిగే చుట్లు) దగ్గర 48 పీఎస్ (హార్స్‌పవర్ లాంటి కొలత) పవర్, 3500 దగ్గర 69 న్యూటన్ మీటర్ల టార్క్, అంటే లాగే బలం. ఇది సముద్ర మట్టం లెక్క. బెంగళూరు ఉన్నది 900 మీటర్లకు పైన. ఇక్కడ గాలి ఒత్తిడి దాదాపు పదో వంతు తక్కువ. టర్బో లేని ఇంజన్ తనంతట తాను పీల్చుకునే గాలి కూడా అంతే తగ్గుతుంది, పవర్ కూడా అంతే తగ్గుతుంది. అంటే కాగితం మీది 48 ఇక్కడ సుమారు 43. అందులోంచి ఏసీ కంప్రెసర్ తన వాటా తీసుకుంటుంది. కారు బరువు దాదాపు 700 కిలోలు, నలుగురు మనుషులూ సామానూ కలిపి ఇంకో 300. టన్ను బరువుని 40 పీఎస్‌తో ఎక్కిస్తున్నారన్నమాట. చెన్నైలో ఇదే మోడల్ నడిపేవాళ్లు ‘మాది బాగానే లాగుతోందే’ అంటే అది అబద్ధం కాదు, వాళ్లకి గాలి చిక్కగా దొరుకుతోంది.

కాబట్టి మొగిలి ఘాట్‌లో ఫుల్ లోడుతో సెకండ్ గేరు పడటం జబ్బు కాదు. తిరుమల ఘాట్‌లోనూ అంతే. ఇంకో మాట గట్టిగా చెప్పాలి: ఈ ఇంజన్ పూర్తి టార్క్ 3500 ఆర్‌పీఎం దగ్గర వస్తుంది. చాలామంది మైలేజీ కోసం 40 స్పీడుకే ఫోర్త్ గేరు వేసి, ఎక్కుడులో అదే గేరులో యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కుతారు. ఇంజన్ గొణుగుతుంది, టకటకమని నాక్ శబ్దం వస్తుంది, వేడి పెరుగుతుంది, పికప్ మాత్రం రాదు. చిన్న పెట్రోల్ ఇంజన్‌ని కాస్త తిరగనివ్వాలి. గేరు ముందే దించి, ఇంజన్ చురుగ్గా తిరుగుతుండగా ఎక్కించండి. దానివల్ల ఇంజన్ అరగదు, గొణిగించడం వల్లే అరుగుతుంది.

ఇక చెకప్‌కి వద్దాం. మీకు ఎక్కువ డబ్బు మిగిలేది ఇక్కడే కాబట్టి వివరంగా రాస్తున్నాను.

మొదట ఇంజన్‌తో సంబంధం లేనివి. పికప్ లేదంటూ నా దగ్గరికి వచ్చిన ఒక ఆల్టోకి అప్పటికే ఇంకో షెడ్డులో ఇంజన్ దించడానికి ఎస్టిమేట్ వేసి ఉంచారు. ఇరవై నిమిషాలు నడిపి ఆపి, వెనక ఎడమ చక్రం దగ్గర చెయ్యి పెడితే సెగ తగిలింది. మిగతా మూడు చక్రాలు మామూలుగా ఉన్నాయి. హ్యాండ్‌బ్రేక్ కేబుల్ తుప్పు పట్టి పూర్తిగా వదలడం లేదు, బ్రేక్ షూ డ్రమ్ముకి రాసుకుంటూనే ఉంది. కేబుల్, షూలు మార్చి డ్రమ్ము శుభ్రం చేస్తే బండి మళ్లీ హాయిగా కదిలింది. మీరూ చూసుకోండి. ఖాళీ రోడ్డు మీద, చదునుగా ఉన్నచోట, 40లో న్యూట్రల్ చేసి వదిలితే కారు చాలా దూరం దొర్లాలి. ఎవరో వెనక్కి లాగుతున్నట్టు ఆగిపోతే బ్రేకులో, బేరింగులో, గాలి తక్కువైన టైర్లో కారణం.

తర్వాత క్లచ్. టిన్ ఫ్యాక్టరీ దగ్గర హాఫ్ క్లచ్‌లో పాకే కారుకి 90 వేలు అంటే క్లచ్ ప్లేట్ అరిగి ఉండే అవకాశం చాలా ఉంది, ముందు ఓనర్ మార్చి ఉంటే తప్ప. ఫోర్త్ గేరులో 40 మీద వెళ్తూ యాక్సిలరేటర్ ఒక్కసారిగా పూర్తిగా తొక్కండి. ఇంజన్ శబ్దం పైకి లేచి స్పీడు మాత్రం మెల్లగా పెరిగితే క్లచ్ జారుతోంది. ఆర్‌పీఎం మీటర్ లేకపోయినా చెవికి స్పష్టంగా తెలుస్తుంది. జారే క్లచ్‌తో ఎంత పెద్ద ఇంజన్ పెట్టినా ఆ పవర్ చక్రాలకి చేరదు.

ఈ రెండూ బాగుంటే అప్పుడు ఇంజన్ చుట్టూ ఉన్నవి. ఎయిర్ ఫిల్టర్ తీసి వెలుతురుకి పట్టి చూడండి. మన దగ్గర మెట్రో పనులు, తవ్వకాల దుమ్ముకి మాన్యువల్‌లో రాసిన గడువు చెల్లదు, ముందే మార్చాలి. థ్రాటిల్ బాడీలో (ఇంజన్‌కి గాలి వెళ్లే దారిలో) మసి పేరుకుంటే ఐడిలింగ్ (బండి ఆగి ఉండగా ఇంజన్ తిరగడం) ఊగుతుంది, ఏసీ వేయగానే ఇంజన్ ఆగిపోబోతున్నట్టు వణుకుతుంది. స్ప్రే కొట్టి తుడిస్తే పోయే సమస్య అది. స్పార్క్ ప్లగ్గులు మూడూ విప్పి పక్కపక్కన పెట్టి చూడండి. లేత గోధుమ రంగులో ఉంటే బాగున్నట్టు. ఒకటి మాత్రం నల్లగా, జిడ్డుగా ఉంటే ఆ సిలిండర్లోకి ఆయిల్ వస్తోంది. ఫ్యూయల్ పంప్ ప్రెషర్ గేజీ పెట్టి చూడమనండి. మామూలుగా బాగానే నడుస్తూ ఎక్కుడులో మాత్రం ఊపిరాడనట్టు చేసే కార్లలో చాలావాటికి పంపో, దాని ఫిల్టరో కారణం. సైలెన్సర్ లైన్లో ఉండే క్యాటలిటిక్ కన్వర్టర్ మూసుకుపోయినా అచ్చం ఇలాగే ఉంటుంది. ఇంజన్ మిస్ కొడుతుండగా నెలల తరబడి నడిపిన బండిలో, కాలని పెట్రోల్ అందులోకి వెళ్లి అది కరిగి గడ్డ కడుతుంది.

ఇవన్నీ అయ్యాకే కంప్రెషన్ టెస్ట్, అంటే సిలిండర్లో ఒత్తిడి ఎంత నిలుస్తోందో చూడటం. బోరింగ్ చేయాలన్న మెకానిక్ ఈ టెస్ట్ చేశాడా? చేయకుండా చెప్పి ఉంటే ఆ మాట పట్టించుకోకండి. పద్ధతి ఇదీ: ఇంజన్ వేడెక్కాక మూడు ప్లగ్గులూ తీసేయాలి, ఫ్యూయల్ రాకుండా ఆపాలి, యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కి పట్టి, మంచి బ్యాటరీతో ఒక్కో సిలిండర్‌కి స్టార్టర్ తిప్పాలి. ఇలాంటి ఇంజన్ బాగుంటే గేజీ 150 నుంచి 190 పీఎస్‌ఐ మధ్య చూపిస్తుంది. బెంగళూరు ఎత్తు వల్ల ఇక్కడ రీడింగు కూడా పదో వంతు తక్కువే వస్తుంది. చెన్నైలో 170 చూపించే ఇంజన్ ఇక్కడ 155 దగ్గర నిలిస్తే అది అరిగినట్టు కాదు. అంకె కంటే ముఖ్యం మూడింటి మధ్య తేడా. 15 పీఎస్‌ఐ కంటే ఎక్కువ తేడా ఉంటే ఆ తక్కువ వచ్చిన సిలిండర్లోకి ప్లగ్ రంధ్రం గుండా ఒక స్పూన్ ఇంజన్ ఆయిల్ పోసి మళ్లీ చూడాలి. రీడింగు పెరిగితే రింగులు, బోరు అరిగాయి. పెరగకపోతే వాల్వులు. పక్కపక్కనే ఉన్న రెండు సిలిండర్లలో ఒకేలా పడిపోతే హెడ్ గ్యాస్కెట్‌ని (ఇంజన్ బ్లాకుకీ, వాల్వులుండే పై భాగం అయిన హెడ్‌కీ మధ్య సీలు) అనుమానించాలి.

పొగ కూడా చాలా చెబుతుంది. రాత్రంతా ఆగి ఉన్న కారుని పొద్దున్నే స్టార్ట్ చేసినప్పుడు సైలెన్సర్ దగ్గర ఎవరినైనా నిలబెట్టండి. మొదట్లో నీలం పొగ ఒక్కసారి వచ్చి ఆగిపోతే వాల్వ్ స్టెమ్ సీళ్లు గట్టిపడ్డాయి. దానికి పిస్టన్ల జోలికి వెళ్లక్కర్లేదు, పైన హెడ్ వరకే పని. యాక్సిలరేటర్ తొక్కినంతసేపూ నీలం పొగ వస్తూ ఆయిల్ లెవెల్ పడిపోతుంటే రింగుల సంగతి. వేడెక్కాక కూడా తెల్లటి ఆవిరి ఆగకుండా వస్తూ కూలెంట్ తగ్గుతుంటే గ్యాస్కెట్.

బోరింగ్ నిజంగా అవసరమని తేలితే చేయించండి, అందులో తప్పేం లేదు. ఎఫ్8డి చాలా సాదా ఇంజన్, మన మెకానిక్‌లకి బాగా అలవాటైనది, స్పేర్లు దొరకడం కష్టం కాదు. అయితే అది ఇంజన్‌ని తిరిగి 48కి తెస్తుందే గానీ 60 చేయదు. జేసీ రోడ్డులో స్పేర్లు కొనేటప్పుడు పిస్టన్, రింగులు, బేరింగులు, గ్యాస్కెట్ కిట్ మాత్రం కంపెనీవో, పేరున్న బ్రాండువో బిల్లుతో తీసుకోండి. బోరు పనిని లేత్ దగ్గర కొలిచి చేయించాలి. కొత్త పిస్టన్ చేతికి వచ్చాక దాని సైజుని బట్టి బోరు కొట్టాలి, ముందే కొట్టేసి తర్వాత పిస్టన్ వెతకడం పద్ధతి కాదు.

ఇప్పుడు హీట్ ఎక్కడం గురించి. నన్నడిగితే మీ కారులో అన్నిటికంటే ముందు చూడాల్సింది ఇదే. పికప్ తక్కువైతే ఆలస్యంగా చేరతారు. హీట్ ఎక్కితే హెడ్ వంగుతుంది, ఆ తర్వాత మీరు అడిగిన ఏ అప్‌గ్రేడూ నిలవదు. నడుస్తున్నప్పుడు బాగుండి, ఆగినప్పుడు మాత్రం వేడెక్కుతోందంటే మొదటి అనుమానం రేడియేటర్ ఫ్యాన్ మీద. నడిచేటప్పుడు ఎదురుగాలి ఆ పని చేసిపెడుతుంది, నిలబడితే ఫ్యాన్ ఒక్కటే దిక్కు. ఏసీ ఆపి ఇంజన్‌ని ఐడిలింగ్‌లో వదిలి ఫ్యాన్ దానంతట అది తిరుగుతోందా, గట్టిగా తిరుగుతోందా చూడండి. బుష్షులు అరిగిన మోటారు తిరుగుతుంది గానీ గాలి ఆడదు. తర్వాత ఏసీ కండెన్సర్‌కీ రేడియేటర్‌కీ మధ్య సందు. అందులో దుమ్ము, ఎండుటాకులు, పురుగులు మెత్తలా పట్టేసి ఉంటాయి. ముందు నుంచి నీళ్లు కొడితే పోవు, కండెన్సర్ కాస్త పక్కకి జరిపి కడగాలి. ఏసీ చల్లదనం తగ్గడానికి కూడా ఇదే కారణం అయ్యుండొచ్చు.

మన ప్రాంతంలో ఇంకో ప్రత్యేకమైన ఇబ్బంది బోరు నీళ్లు. కె.ఆర్.పురం, వైట్‌ఫీల్డ్ వైపు చాలాచోట్ల బోరు నీళ్లే వాడకం, ఉప్పు ఎక్కువ. కెటిల్‌లో తెల్లగా పొర కట్టినట్టే రేడియేటర్ గొట్టాల్లోనూ, ఇంజన్ నీటి దారుల్లోనూ కడుతుంది. కూలెంట్ తగ్గిందని ప్రతిసారీ పంపు నీళ్లు పోసిన కారులో మూత తీస్తే ఇటుక రంగు నీళ్లు కనిపిస్తాయి. ఇంజన్ పూర్తిగా చల్లారాక మీరే మూత తీసి చూడండి, వేడి మీద మాత్రం తీయొద్దు, ముఖం కాలుతుంది. రంగు మారి ఉంటే మొత్తం ఖాళీ చేసి, ఫ్లష్ చేయించి, థర్మోస్టాట్ (వేడిని బట్టి కూలెంట్ దారి తెరిచే వాల్వ్) పరీక్షించి, కూలెంట్‌ని డిస్టిల్డ్ వాటర్‌తో డబ్బా మీద చెప్పిన పాళ్లలో కలిపి పోయించండి. కొందరు థర్మోస్టాట్‌ని పూర్తిగా పీకేస్తారు, హీట్ తగ్గుతుందని. ఒప్పుకోకండి. ఇంజన్ సరిగ్గా వేడెక్కక ఈసీయూ (ఇంజన్‌ని నడిపే కంప్యూటర్) పెట్రోల్ ఎక్కువ పోస్తూనే ఉంటుంది, మైలేజీ పడిపోతుంది, ఇంజన్ కూడా త్వరగా అరుగుతుంది.

రేడియేటర్ మూతని చాలామంది లెక్కచేయరు. బెంగళూరు ఎత్తులో మామూలు నీళ్లు 97 డిగ్రీల దగ్గరే మరుగుతాయి. మూత లోపల ఒత్తిడి నిలబెట్టడం వల్లే కూలెంట్ వంద దాటినా మరగకుండా ఉంటుంది. మూత రబ్బరు గట్టిపడి ఒత్తిడి నిలవకపోతే తక్కువ వేడికే బుడగలు వచ్చి కూలెంట్ పక్క ట్యాంకులోకి పొంగుతుంది. హోసులు, గ్యాస్కెట్ల దాకా వెళ్లేముందు కొత్త మూత ఒకటి వేసి చూడండి, ఖర్చు చాలా తక్కువ.

ఆయిల్ గురించి ఒక లెక్క. సర్వీస్ బుక్‌లో 10 వేల కిలోమీటర్లు అని ఉంటుంది. హైవే మీద 60 సగటుతో 10 వేలు అంటే ఇంజన్ తిరిగేది 170 గంటల లోపే. మీ ఆఫీసు దారిలో సగటు 15 దాటదు అనుకుంటే అదే 10 వేలకి 660 గంటలకు పైగా తిరుగుతుంది. ఓడోమీటర్‌కి రెండూ ఒకటే, ఆయిల్‌కి కాదు. సిటీలోనే తిరిగే కారుకి 5 నుంచి 7 వేలకి, కిలోమీటర్లు కాకపోయినా ఏడాదికోసారి తప్పకుండా ఆయిలూ ఫిల్టరూ మార్చండి. గ్రేడు మాన్యువల్‌లో చెప్పిందే పోయండి. పాత ఇంజన్ కదా అని మరీ చిక్కటిది పోయడం అలవాటుగా మారింది, ఆ అవసరం పొగ కొట్టే ఇంజన్‌కే, అదీ తాత్కాలికంగా.

ఎఫ్8డిలో ఉన్నది టైమింగ్ బెల్ట్, చైన్ కాదు. ముందు ఓనర్ మార్చినట్టు బిల్లు లేకపోతే మార్చలేదనే అనుకోండి. పదేళ్లు దాటిన రబ్బరుకి కిలోమీటర్లతో పని లేదు. టెన్షనర్‌తో సహా మార్చండి, మార్చిన తేదీ, కిలోమీటర్లు ఒక స్టిక్కర్ మీద రాసి అంటించండి. ఘాట్ రోడ్డు మీద బెల్ట్ తెగితే ఇంజన్ అక్కడికక్కడే ఆగుతుంది, వాల్వులు గానీ వంగితే హెడ్ దించాల్సిందే.

ఈ20 పెట్రోల్ (20 శాతం ఇథనాల్ కలిపినది) వల్లే పికప్ పోయిందా అని కూడా అడిగారు. ఈ20 అమ్మకాలని 2023 ఫిబ్రవరి 6న మన బెంగళూరులోనే ఇండియా ఎనర్జీ వీక్‌లో మొదలుపెట్టారు, మీ కారు దానికి పదేళ్ల ముందుది. లీటరుకి ఇథనాల్‌లో ఉండే శక్తి పెట్రోల్‌లో ఉండేదానిలో మూడింట రెండు వంతులే. అంటే 20 శాతం కలిపితే, ఇథనాల్ లేని పెట్రోల్‌తో పోల్చినప్పుడు లీటరుకి శక్తి 6, 7 శాతం తగ్గుతుంది. మైలేజీ తేడా ఇలా వస్తుంది. కానీ ఘాట్‌లో సెకండ్ గేరు పడటానికి అది కారణం కాదు. పాత కారులో పట్టించుకోవాల్సింది రబ్బరు భాగాలని. ఫ్యూయల్ హోసులు, ఇంజెక్టర్ ఓరింగులు పగుళ్లు ఉన్నాయా, పెట్రోల్ వాసన వస్తోందా ప్రతి సర్వీసులో చూడమనండి. ట్యాంకు అడుగున పేరుకున్న మురికిని ఇథనాల్ కదిలిస్తుంది కాబట్టి పంపు దగ్గరి ఫిల్టర్ త్వరగా మూసుకుపోవచ్చు. ఊరెళ్లి నెల రోజులు బండి కదపకుండా వదిలేయడం కూడా మంచిది కాదు, ఇథనాల్ తేమ పీల్చుకుంటుంది. ఎక్కువ ఆక్టేన్ ఉన్న ఖరీదైన పెట్రోల్ పోస్తే పవర్ పెరుగుతుందన్న మాట మీ ఇంజన్ విషయంలో నిజం కాదు. ఆక్టేన్ అంటే నాక్‌ని తట్టుకునే గుణం, శక్తి కాదు.

ఇక 70 వేల కె10 ఇంజన్ ఆలోచన. కె10బి మంచి ఇంజనే, నాకూ చాలా ఇష్టం. 998 సీసీ, 68 పీఎస్, 90 న్యూటన్ మీటర్లు, టైమింగ్ చైన్, బరువు తక్కువ. 2008లో ఎ-స్టార్‌తో వచ్చింది, 2010లో ఆల్టో కె10కీ, వ్యాగన్ ఆర్‌కీ ఇచ్చారు. కాగితం మీద ఒక్క అడుగు దూరంలో ఉన్నట్టే కనిపిస్తుంది. కానీ రావాల్సింది ఇంజన్ ఒక్కటే కాదు. గేర్‌బాక్స్, మౌంటింగులు, వైరింగ్, ఈసీయూ, ఆ ఈసీయూతో జత కుదిరిన ఇమ్మొబిలైజర్ తాళం (వేరే తాళంతో ఇంజన్ స్టార్ట్ కానివ్వనిది), సైలెన్సర్ లైన్, రేడియేటర్ అన్నీ మారాలి. శివాజీనగర్ గుజిరీలోనో, చెన్నై పుదుపేటలోనో దొరికే ఇంజన్ ఏ యాక్సిడెంట్ బండిదో, వరదలో మునిగిన బండిదో చెప్పడం కష్టం. 70 వేలు అన్నది మొదటి అంకె మాత్రమే. ఆ తర్వాత చెక్ లైటు వెలిగినప్పుడల్లా వైరింగ్ వెతకడానికి ఎవరూ దొరకరు, ఆ పని చేసిన మెకానిక్ తప్ప.

అంతకంటే పెద్ద సమస్య కాగితాలు. మీ ఆర్సీలో 796 సీసీ అని, ఇంజన్ నంబరుతో సహా ఉంది. మోటారు వాహనాల చట్టం 1988లోని సెక్షన్ 52 ప్రకారం, తయారీదారు ఇచ్చిన మూల వివరాలకి విరుద్ధంగా వాహనాన్ని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీం కోర్టు కూడా ఇదే స్పష్టం చేసింది. అదే ఏడాది చట్ట సవరణతో, అనుమతి లేని ఒక్కో మార్పుకి 5 వేల రూపాయల జరిమానా గానీ, ఆరు నెలల వరకూ జైలు గానీ, రెండూ గానీ పడేలా సెక్షన్ 182ఏ వచ్చింది. మీ ఇంజన్ పాడై అదే రకం ఇంజన్ పెట్టించుకుంటే ఆర్టీవోకి చెప్పి ఆర్సీలో కొత్త నంబరు ఎక్కించుకునే దారి ఉంది. 796 సీసీ బండిలో 998 సీసీ పెట్టడం వేరే సంగతి. జరిమానా సంగతి అటుంచండి, యాక్సిడెంట్ అయినప్పుడు ఇన్సూరెన్స్ సర్వేయర్ బానెట్ ఎత్తి ఇంజన్ నంబరు చూస్తే క్లెయిమ్ అక్కడే చిక్కుల్లో పడుతుంది. కుటుంబంతో తిరిగే బండి మీద అంత రిస్కు తీసుకోవద్దని నా విన్నపం. బ్రేకులు, టైర్లు కూడా 48 పీఎస్‌కి తగ్గట్టు ఇచ్చినవే అని మరచిపోవద్దు.

రీమ్యాప్ టర్బో ఉన్న ఇంజన్లకి పనికొస్తుంది, బూస్ట్ పెంచే వీలుంటుంది కాబట్టి. మీ ఇంజన్‌కి పీల్చే గాలే పరిమితి. ఎంత ట్యూన్ చేసినా కొద్ది శాతమే పెరుగుతుంది, ఎక్కుడులో మీకు తెలియను కూడా తెలియదు. ఫ్రీ ఫ్లో సైలెన్సర్ శబ్దం పెంచుతుంది, పోలీసుల కంట పడేలా చేస్తుంది, అంతే. డబ్బా లేకుండా బయటికి ఉండే పాడ్ ఎయిర్ ఫిల్టర్ బానెట్ లోపలి వేడి గాలిని పీలుస్తుంది, వేడి గాలి పలచన, కాబట్టి నష్టమే. ఇరీడియం ప్లగ్గులు ఎక్కువ కాలం మన్నుతాయి, పవర్ ఇవ్వవు. టర్బో బిగించే ఆలోచన ఎవరైనా చెబితే నవ్వి ఊరుకోండి.

డబ్బు పెట్టదగ్గ అప్‌గ్రేడ్లు వేరే ఉన్నాయి. మంచి టైర్లు, కంపెనీ చెప్పిన సైజులో. కొత్త ఇంజన్ మౌంటింగులు: మూడు సిలిండర్ల వణుకు సగం అక్కడే ఆగుతుంది, కారు వయసు తగ్గినట్టు అనిపిస్తుంది. హెడ్‌లైట్లకి రిలే కిట్ (బ్యాటరీ నుంచి కరెంటు నేరుగా ఇచ్చే వైరింగ్), పలమనేరు దాటాక రాత్రి ప్రయాణానికి. ఫోన్‌కి బ్లూటూత్‌తో కలిసే చిన్న స్కానర్, కూలెంట్ టెంపరేచర్ డిగ్రీల్లో చూపిస్తుంది. మీలాంటి వాళ్లకి టెన్షన్ తగ్గించే వస్తువు అది.

సీఎన్‌జీ మీ సమస్యకి మందు కాదు. కంపెనీ ఫిట్ చేసిన ఆల్టో 800 సీఎన్‌జీలోనే పవర్ 41 పీఎస్‌కి, టార్క్ 60కి తగ్గుతుంది. బెంగళూరు ఎత్తు కోత దాని మీద వేరే. డిక్కీ పోతుంది, మూడేళ్లకోసారి సిలిండర్ టెస్ట్ ఉంటుంది. రోజూ దూరం తిరిగేవాళ్లకి లాభమే, ఘాట్ ఎక్కే కుటుంబానికి కాదు. పాత డీజిల్ స్విఫ్ట్ ఆలోచన వస్తే, 1248 సీసీ ఇంజన్ ఇచ్చే 190 న్యూటన్ మీటర్లు ఘాట్‌లో ఎంతో సుఖం, టర్బో వల్ల ఎత్తులో కూడా పెద్దగా తగ్గదు. కానీ 2020లో బీఎస్6 కాలుష్య నిబంధనలు రావడంతో మారుతి దాన్ని ఆపేసింది. వారమంతా ట్రాఫిక్‌లో పాకుతూ నెలకోసారి ఊరెళ్లే వాడకానికి ఈజీఆర్‌లో (పొగని కొంత తిరిగి ఇంజన్‌లోకి పంపే వాల్వ్) మసి, ఇంజెక్టర్లు, టర్బో ఒకదాని తర్వాత ఒకటి పని చెబుతాయి. నేను మీ స్థానంలో ఉంటే తీసుకోను.

అన్నీ బాగుచేయించాక కూడా చాలదనిపిస్తే, మీ ఆల్టో అమ్మి ఆ డబ్బుకి ఈ 70 వేలు కలిపి కె10బి ఉన్న ఆల్టో కె10 గానీ వ్యాగన్ ఆర్ గానీ చూడండి. కోరుకున్న ఇంజనే వస్తుంది, ఆర్సీతో సహా. కొనేముందు చల్లటి ఇంజన్ స్టార్ట్ చేసి వినండి. మొదటి రెండు మూడు సెకన్లు దాటాక కూడా గొలుసు గలగలలాడుతుంటే ఆయిల్ మార్చకుండా నడిపిన బండి, వదిలేయండి. ఆయిల్ పోసే మూత వెనక నల్లటి జిగురు ఉన్నా అంతే. ఆటో గేరు ఉన్న పాతవాటి యాక్చుయేటర్ రిపేరు ఖరీదైనది, మాన్యువల్ తీసుకోండి. ఇంకొంచెం పెట్టగలిగితే 2019 తర్వాతి వ్యాగన్ ఆర్ 1.2 నాలుగు సిలిండర్లు, కనీసం 83 పీఎస్, 113 న్యూటన్ మీటర్లు. తిరుమలకి ఐదుగురితో వెళ్లినా ఇబ్బంది పెట్టదు. హ్యుందాయ్ ఐ10లో 1.2 కప్పా ఇంజన్ ఉన్నది 80 పీఎస్, చైన్, చాలా నునుపు. 1.1 ఇంజన్ ఉన్నది బెల్ట్, పవర్ తక్కువ, రెండూ ఒకేలా కనిపిస్తాయి కాబట్టి ఆర్సీలో సీసీ చూసి కొనండి. కొత్తది కొనే శక్తి ఉంటే, 2025 సెప్టెంబర్ 22 నుంచి ఈ తరగతి చిన్న పెట్రోల్ కార్ల మీద జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి తగ్గింది. సెకండ్ హ్యాండ్ బేరం ఆడేటప్పుడు కూడా ఈ సంగతి గుర్తుచేయండి, పాత బండి ధరలూ దిగాలి కదా. చిత్తూరులో చవగ్గా దొరికిందని ఏపీ నంబరు కారు తెస్తే, కర్ణాటకలో ఏడాది దాటి వాడాలంటే అక్కడి ఆర్టీవో నుంచి ఎన్ఓసీ (అభ్యంతరం లేదన్న పత్రం) తెచ్చుకుని ఇక్కడ రిజిస్టర్ చేయించి లైఫ్ ట్యాక్స్ కట్టాలి. అది కలుపుకుంటే చవక మిగలకపోవచ్చు.

ఈ శనివారం చేయాల్సింది: రేడియేటర్ మూత తీసి కూలెంట్ రంగు, ఫ్యాన్, నాలుగు చక్రాల వేడి, క్లచ్. ఇవి మీరే చూసుకోవచ్చు. తర్వాత షెడ్డులో మీరు దగ్గరుండి కంప్రెషన్ టెస్ట్ చేయించి, గేజీ ఫొటో మూడు సిలిండర్లకీ తీసుకోండి. మూడు రీడింగులూ, పొద్దున్నే వచ్చే పొగ రంగూ చెబితే బోరింగ్ అవసరమా, హెడ్ పనితో సరిపోతుందా, లేక ఇంజన్ ముట్టుకోకుండా క్లచ్, కూలింగ్ మాత్రం చేయిస్తే చాలా అన్నది చెప్పగలను. అప్పటిదాకా తిరుమల ప్రయాణం వాయిదా వేయండి. తప్పనిసరైతే బస్సులో వెళ్లిరండి.